లూప్ డయాగ్రమ్‌లో కలర్ ఫ్యాక్టర్ చేత్తో ఎలా లెక్కపెట్టాలి

క్యూసీడీలో (క్వార్కులు, గ్లూవాన్ల మధ్య బలాన్ని చెప్పే సిద్ధాంతం) లూప్ డయాగ్రమ్ ఒకటి ముందేసుకుని కూర్చుంటే చాలామంది ముందు మొమెంటమ్ ఇంటిగ్రల్ మీద పడతారు, కలర్ ఫ్యాక్టర్, అంటే రంగు ఇండెక్సులు కలిపితే వచ్చే గుణకం, దాని సంగతి చివర్లో చూసుకుందాంలే అనుకుంటారు. నేనూ అలాగే చేసేవాణ్ణి. ఒకసారి రెండు రోజులు కూర్చుని గామా మాట్రిక్సులన్నీ సాఫ్ చేసి, ఇంటిగ్రల్ సగం దాకా లాక్కొచ్చి, అప్పుడు కలర్ వైపు చూస్తే ఆ డయాగ్రమ్ మొత్తం సున్నా. రెండు క్వార్క్ లూపుల మధ్య ఒకే ఒక్క గ్లూవాన్ ఉంది, ఒక జనరేటర్ (గ్లూవాన్‌కి ఉండే కలర్ మాట్రిక్స్) ట్రేస్, అంటే దాని కర్ణం మీది అంకెల మొత్తం, సున్నా అని ఫస్ట్ ఇయర్ పిల్లాడికి కూడా తెలుసు. అందుకే కలర్ ముందు చెయ్యండి, ఇంటిగ్రల్ తర్వాత. కలర్‌కి పది నిమిషాలు పడుతుంది, పైగా దీంట్లో కాలిక్యులస్ ఏమీ లేదు, కాస్త ఓపిగ్గా ఇండెక్సులు కలపడమే.

ముందు గుర్తులు సెట్ చేసుకుందాం, ఇక్కడ కంగారు పడితే చివరి దాకా కంగారే. క్వార్క్‌కి ఎన్ రంగులు, అసలు ప్రపంచంలో ఎన్ = 3. కానీ లెక్కలో 3 అని వెంటనే పెట్టెయ్యకండి, ఎన్ గానే ఉంచండి, ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది. గ్లూవాన్లు ఎన్² − 1, అంటే 8. ఒక్కో గ్లూవాన్‌కి ఒక జనరేటర్ మాట్రిక్స్, దాన్ని టి(ఏ) అని రాస్తాను, బ్రాకెట్లో ఉన్న ఏ గ్లూవాన్ ఇండెక్స్. ఎన్ = 3 కి ఇవి గెల్‌మన్ మాట్రిక్సుల్లో సగాలు. మూడు గ్లూవాన్లు కలిసే చోట వచ్చే స్ట్రక్చర్ కాన్స్టంట్‌ని ఎఫ్(ఏ,బీ,సీ) అంటాను, అందులో ఏ రెండు ఇండెక్సులు తారుమారు చేసినా మైనస్ వస్తుంది. కమ్యుటేటర్ రూల్ అందరికీ తెలిసిందే: టి(ఏ)టి(బీ) − టి(బీ)టి(ఏ) = ఐ × ఎఫ్(ఏ,బీ,సీ) టి(సీ). ఇక్కడ ఐ అంటే మైనస్ ఒకటికి వర్గమూలం. ఒకే ఇండెక్స్ రెండుసార్లు కనిపిస్తే దాని మీద కూడిక జరుగుతుంది అని అర్థం, కూడిక గుర్తు నేను ఎక్కడా రాయను.

ఇక నార్మలైజేషన్: టి(ఏ)టి(బీ) ట్రేస్ = టీఆర్ × డెల్టా(ఏ,బీ), టీఆర్ = 1/2. డెల్టా అంటే రెండు ఇండెక్సులూ ఒకటైతే 1, లేకపోతే 0. దీన్ని కాగితం పైన మూలలో పెద్దగా రాసి పెట్టుకోండి, సీరియస్‌గానే చెప్తున్నా. ఎందుకంటే స్కాటరింగ్ ఆంప్లిట్యూడ్ల మీద పనిచేసే వాళ్లు చాలామంది ట్రేస్‌ని 1 గా పెట్టుకుంటారు, ఆ రూట్ 2 లన్నీ కప్లింగ్‌లోకి తోసేస్తారు. వాళ్ల పేపర్ నుంచి ఒక ఫార్ములా, మీ నోట్స్ నుంచి ఒక ఫార్ములా తీసి కలిపితే సీఎఫ్ (టి(ఏ)టి(ఏ) విలువ, కింద రాబడతాం) 4/3 రావాల్సిన చోట 8/3 వచ్చి కూర్చుంటుంది. అప్పుడు ఇంటిగ్రల్‌లో తప్పుందేమో అని వెతుక్కుంటూ ఉంటారు, తప్పేమో ఇక్కడుంటుంది.

సరే, స్టెప్ 1. డయాగ్రమ్‌ని ఇంకోసారి గీయండి, ఈసారి మొమెంటమ్‌లు, స్పిన్ ఇండెక్సులు ఏమీ లేకుండా, ఉత్త ఎముకల గూడులా. ఫోటాన్, డబ్ల్యూ, జెడ్, లెప్టాన్ లాంటి రంగులేని గీతలన్నీ చెరిపేయండి, కలర్‌కి అవి లేనట్టే. క్వార్క్ గ్లూవాన్ కలిసే ప్రతి చోటా ఒక టి, మూడు గ్లూవాన్లు కలిసే ప్రతి చోటా ఒక ఎఫ్, ఘోస్ట్ (గేజ్ లెక్క సరిపోవడానికి వేసే ఊహా కణం) గ్లూవాన్ కలిసే చోట కూడా ఎఫ్ మాత్రమే. గీతలకి ఉత్త డెల్టానే, అంటే ఆ చివరా ఈ చివరా ఒకే ఇండెక్స్. క్వార్క్ గీత మీద టి లని బాణం గుర్తుకి ఎదురుగా నడుస్తూ రాయాలి, గామా మాట్రిక్సులు రాసే వరసలోనే. గీత రెండు చివరలూ బయటికి వెళ్తే టి ల వరస అలా ఓపెన్‌గా ఉంటుంది, గీత తిరిగి తనలోనే కలిస్తే ట్రేస్ తీసుకోవాలి.

ఎఫ్ రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త. ప్రతి వెర్టెక్స్ (గీతలు కలిసే చోటు) దగ్గరా గ్లూవాన్లని ఒకే దిశలో చదవాలని రూల్ పెట్టుకోండి, గడియారం ముల్లు దిశ అయితే అన్ని చోట్లా అదే, మొమెంటమ్ భాగం కూడా ఖచ్చితంగా ఆ ఆర్డర్‌లోనే రాయాలి. మూడు గ్లూవాన్ల వెర్టెక్స్‌లో కలర్ భాగం తిప్పితే మైనస్ వస్తుంది, మొమెంటమ్ భాగం తిప్పినా మైనస్ వస్తుంది, రెండూ కలిపి తిప్పితే ఏమీ మారదు, ఒకటే తిప్పితే మీ పని గోవిందా.

ఇంకో మాట, క్లోజ్డ్ ఫెర్మియాన్ లూప్‌కి వచ్చే మైనస్ ఒకటి, గ్లూవాన్ బబుల్‌కి వచ్చే సిమెట్రీ ఫ్యాక్టర్ 1/2, వెర్టెక్స్‌ల్లో ఉండే ఐ లు, కప్లింగ్ జీ, ఇవేవీ కలర్ ఫ్యాక్టర్‌లోకి రానివ్వకండి. వాటికి పక్కన వేరే గడి పెట్టి అందులో రాయండి. ఒకే విషయాన్ని రెండు చోట్ల లెక్కేసి జవాబు సగానికి సగం తప్పు తెచ్చుకున్న వాళ్లు చాలామంది ఉన్నారు.

నాలుగు గ్లూవాన్ల వెర్టెక్స్ కొంచెం మొండిది. అందులో కలర్ ఒక పక్క, మిగతాది ఒక పక్క అని విడదియ్యలేం, మూడు ముక్కలుంటాయి, ఒక్కో ముక్కలో రెండు ఎఫ్ లు, ఒక్కోదానికి దాని సొంత లోరెంజ్ భాగం. కాబట్టి అలాంటి వెర్టెక్స్ ఉన్న డయాగ్రమ్‌ని మూడు డయాగ్రమ్‌లు అనుకుని విడిగా చేసుకోవడమే, షార్ట్‌కట్ లేదు. ఒక్కో ముక్కకి కలర్ మాత్రం రెండు త్రీ-గ్లూవాన్ వెర్టెక్స్‌లని ఒక గీతతో కలిపినట్టే ఉంటుంది కాబట్టి కొత్త రూల్ ఏమీ అక్కర్లేదు.

స్టెప్ 2, చచ్చిన డయాగ్రమ్‌లని ముందే పక్కన పెట్టేయడం. క్వార్క్ లూప్‌కి ఒకే గ్లూవాన్ అతుక్కుని ఉంటే సున్నా. ఒక గ్లూవాన్ తోకలాంటి టాడ్‌పోల్‌లో ఎఫ్ కి రెండు ఇండెక్సులు ఒకటే అయితే సున్నా. డయాగ్రమ్‌లో ఒక్క గ్లూవాన్ గీత కోస్తే రెండు ముక్కలవుతుంది అనుకోండి, అందులో ఒక ముక్కకి బయట రంగున్న కాళ్లేవీ లేకపోతే సున్నా, ఎందుకంటే ఆ ముక్క మొత్తం కలిపి ఒకే గ్లూవాన్ ఇండెక్స్ మోయాలి, ఒంటరి ఇండెక్స్‌ని మోయగలిగే ఇన్‌వేరియంట్ టెన్సర్ ఏదీ లేదు. నా రెండు రోజులు తినేసింది ఈ చివరిదే.

స్టెప్ 3 అసలు పని, ఉల్లిపాయ పొరలు ఒలిచినట్టు లోపలి లూప్ నుంచి ఒక్కొక్కటే ఒలుచుకుంటూ రావడం. దీనికి కావాల్సిన ఆయుధం నిజానికి ఒక్కటే, ఫియర్జ్ ఐడెంటిటీ. క్వార్క్ ఇండెక్సులని జే, కే, ఎల్, ఎమ్ అంటే:

టి(ఏ)[జే,కే] × టి(ఏ)[ఎల్,ఎమ్] = 1/2 × ( డెల్టా[జే,ఎమ్] డెల్టా[కే,ఎల్] − (1/ఎన్) డెల్టా[జే,కే] డెల్టా[ఎల్,ఎమ్] )

చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ చెప్పేది చిన్న విషయం: గ్లూవాన్ గీతని చెరిపేసి దాని బదులు రెండు క్వార్క్ గీతలు పక్కపక్కన ఎదురెదురు దిశల్లో గీయండి, అందులోంచి అసలు గ్లూవాన్ లేనప్పటి బొమ్మని ఎన్ తో భాగించి తీసేయండి, మొత్తానికి సగం పెట్టండి. ఆ రెండో టర్మ్ ఎందుకంటే, ఎన్ × ఎన్ మాట్రిక్సులు మొత్తం ఎన్² ఉంటాయి, మన గ్లూవాన్లు ఒకటి తక్కువ, ఆ ఒక్కటి ఐడెంటిటీ మాట్రిక్స్, ఫోటాన్ లాంటిది, దాన్ని లెక్కలోంచి తీసేస్తున్నాం అంతే. దీనివల్ల ఒక మంచి లాభం ఉంది: గ్లూవాన్ ఒక చివర త్రీ-గ్లూవాన్ వెర్టెక్స్‌కి తగులుతుంటే ఆ రెండో టర్మ్‌ని అసలు రాయక్కర్లేదు, ఐడెంటిటీ దేనితోనైనా కమ్యూట్ అవుతుంది కాబట్టి అక్కడ అది దానంతటదే సున్నా అవుతుంది.

ఈ ఒక్క ఐడెంటిటీ నుంచి రోజూ వాడుకునే రూల్స్ రాలతాయి. మధ్యలో ఏ మాట్రిక్స్ ఎక్స్ ఉన్నా

టి(ఏ) ఎక్స్ టి(ఏ) = 1/2 × ( ట్రేస్ ఎక్స్ − ఎక్స్/ఎన్ )

ఎక్స్ బదులు ఐడెంటిటీ పెడితే టి(ఏ)టి(ఏ) = (ఎన్² − 1)/(2ఎన్). ఇదే సీఎఫ్, ఎన్ = 3 కి 4/3. ఎక్స్ బదులు టి(బీ) పెడితే ట్రేస్ సున్నా కాబట్టి టి(ఏ)టి(బీ)టి(ఏ) = −1/(2ఎన్) × టి(బీ), అంటే −1/6. రెండు ట్రేస్‌లని ఒక గ్లూవాన్ కలుపుతుంటే

ట్రేస్(టి(ఏ) ఎక్స్) × ట్రేస్(టి(ఏ) వై) = 1/2 × ( ట్రేస్(ఎక్స్ వై) − (1/ఎన్) ట్రేస్ ఎక్స్ × ట్రేస్ వై )

ఎఫ్ ల కోసం ఇంకో మూడు గుర్తుపెట్టుకుంటే చాలు. బబుల్: ఎఫ్(ఏ,పీ,క్యూ) ఎఫ్(బీ,పీ,క్యూ) = సీఏ × డెల్టా(ఏ,బీ), సీఏ = ఎన్ = 3. ట్రయాంగిల్: ఎఫ్(ఏ,పీ,క్యూ) ఎఫ్(బీ,క్యూ,ఆర్) ఎఫ్(సీ,ఆర్,పీ) = (సీఏ/2) × ఎఫ్(ఏ,బీ,సీ). క్వార్క్ గీతకి రెండు చోట్ల అతుక్కున్న ఎఫ్: ఎఫ్(ఏ,బీ,సీ) టి(బీ) టి(సీ) = ఐ × (సీఏ/2) × టి(ఏ). ఈ చివరిది మీరే రాబట్టుకోవచ్చు, ఎఫ్ యాంటీసిమెట్రిక్ కాబట్టి టి(బీ)టి(సీ) బదులు కమ్యుటేటర్‌లో సగం పెట్టండి, ఇంకో ఎఫ్ పుడుతుంది, బబుల్ రూల్ కొట్టండి. బబుల్‌లో ఇండెక్సుల వరస ఒక్కసారి కళ్లు చిట్లించి చూడండి, రెండు ఎఫ్ ల్లోనూ పీ తర్వాత క్యూ, అదే లూప్ చుట్టూ ఒకే దిశలో తిరుగుతూ రాస్తే రెండోది ఎఫ్(బీ,క్యూ,పీ) అవుతుంది, జవాబు మైనస్ సీఏ. ట్రయాంగిల్‌లోనేమో చుట్టూ తిరిగే వరసలోనే ప్లస్ వస్తుంది. పరీక్షలో సగం మంది మార్కులు పోయేది ఇక్కడే.

అన్నీ ఫెయిలయితే ఒక దొడ్డిదారి ఉంది, ప్రతి ఎఫ్ నీ టి లలోకి మార్చేయొచ్చు: ఎఫ్(ఏ,బీ,సీ) = −2ఐ × ( ట్రేస్ టి(ఏ)టి(బీ)టి(సీ) − ట్రేస్ టి(బీ)టి(ఏ)టి(సీ) ). ఆ తర్వాత మిగిలేది ఉత్త ట్రేస్‌లు, ఫియర్జ్ కొడుతూ పోతే చివరికి ఎన్ లో ఒక పాలినామియల్‌ని ఎన్ పవర్‌తో భాగించినట్టు తేలుతుంది. చేత్తో అయితే టర్ములు రెట్టింపు రెట్టింపు అవుతాయి, కంప్యూటర్‌కి మాత్రం ఇదే సుఖం.

ఇప్పుడు ఒక్కొక్కటే చేద్దాం. ఒక లూప్ క్వార్క్ సెల్ఫ్ ఎనర్జీ: క్వార్క్ ఒక గ్లూవాన్ వదిలి మళ్లీ మింగుతుంది, టి(ఏ)టి(ఏ), సీఎఫ్, అయిపోయింది. గ్లూవాన్ సెల్ఫ్ ఎనర్జీలో క్వార్క్ లూప్‌కి టి(ఏ)టి(బీ) ట్రేస్, అంటే టీఆర్, ఎన్ని రకాల క్వార్కులుంటే అన్నిసార్లు, ఆ సంఖ్యని ఎన్ఎఫ్ అందాం. గ్లూవాన్ లూప్‌కి సీఏ, ఘోస్ట్ లూప్‌కి కూడా సీఏ, కలర్ దృష్టిలో ఆ రెండూ కవలలు.

వెర్టెక్స్ కరెక్షన్ దగ్గర కాస్త ఆగాలి, అసలు రుచి ఇక్కడుంది. ఇందులో రెండు డయాగ్రమ్‌లు. మొదటిది క్యూఈడీలో (ఎలక్ట్రాన్లు, ఫోటాన్ల సిద్ధాంతం) ఉన్నట్టే, బయటి గ్లూవాన్ బీ మీదుగా ఒక గ్లూవాన్ వంతెన వేస్తుంది: టి(ఏ)టి(బీ)టి(ఏ), −1/6 వచ్చింది కదా. సీఎఫ్, సీఏ ల్లో రాస్తే సీఎఫ్ − సీఏ/2, 4/3 − 3/2 సరిగ్గా −1/6. రెండోదాంట్లో బయటి గ్లూవాన్ రెండుగా చీలి రెండూ క్వార్క్ గీతకి తగులుతాయి, దాని సైజు సీఏ/2, అంటే 3/2. చూశారా, మైనస్ 1/6 కి 3/2 కలిపితే 4/3, అంటే సీఎఫ్. ఇది యాదృచ్ఛికం కాదు. బయటి గ్లూవాన్‌ని వంతెన కింద నుంచి జరిపి బయటికి తీసుకొస్తే టి(ఏ)టి(ఏ)టి(బీ) అయ్యేది, అలా జరపడానికి కట్టే సుంకమే కమ్యుటేటర్, ఆ కమ్యుటేటరే రెండో డయాగ్రమ్. నాకు కలర్ లెక్కల్లో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే, డయాగ్రమ్‌లు ఒకదానికొకటి ఎందుకు అవసరమో కళ్లకి కనిపిస్తుంది.

ఇంకా నమ్మకం కలగకపోతే బీటా ఫంక్షన్ చూడండి, శక్తిని బట్టి కప్లింగ్ జీ ఎలా మారుతుందో చెప్పేది అదే. ఫైన్‌మన్ గేజ్‌లో డైవర్జెన్సుల కోఎఫిషియెంట్లు తీసుకుంటే క్వార్క్ సెల్ఫ్ ఎనర్జీ నుంచి సీఎఫ్, వెర్టెక్స్ మొదటి డయాగ్రమ్ నుంచి సీఎఫ్ − సీఏ/2, రెండో డయాగ్రమ్ నుంచి సీఏ/2 కి మూడు రెట్లు. వెర్టెక్స్ మొత్తం సీఎఫ్ + సీఏ. ఇందులోంచి సెల్ఫ్ ఎనర్జీ సీఎఫ్ తీసేస్తే సీఎఫ్ శుభ్రంగా ఎగిరిపోయి సీఏ మిగులుతుంది. దానికి రెండు రెట్లు, గ్లూవాన్ సెల్ఫ్ ఎనర్జీ ఇచ్చే (5/3)సీఏ − (4/3)టీఆర్ ఎన్ఎఫ్ కి కలిపితే (11/3)సీఏ − (4/3)టీఆర్ ఎన్ఎఫ్, ఎన్ = 3 కి 11 − (2/3)ఎన్ఎఫ్. 1973లో గ్రాస్, విల్చెక్, పొలిట్జర్ రాబట్టింది ఇదే, 2004లో నోబెల్ వచ్చింది దీనికే. క్వార్క్ రకాలు 16 దాకా ఉన్నా గుర్తు ప్లస్‌గానే ఉంటుంది, మనకున్నవి ఆరే. మీరు మొదటినుంచే 4/3, 3 అని అంకెలు పెట్టేసి ఉంటే సీఎఫ్ ఎగిరిపోవడం మీకు కనిపించేదే కాదు, ఏదో పెద్ద కూడికలో కలిసిపోయేది. ఎన్ ని ఎన్ గా, సీఎఫ్ ని సీఎఫ్ గా చివరి దాకా ఉంచమన్నది అందుకు.

రెండు లూపులకి వెళ్దాం. క్వార్క్ సెల్ఫ్ ఎనర్జీలో ఒక గ్లూవాన్ ఆర్చ్ కింద ఇంకో ఆర్చ్ ఉంటే లోపలిది ఒలిస్తే సీఎఫ్, బయటిది ఒలిస్తే ఇంకో సీఎఫ్, మొత్తం సీఎఫ్², 16/9. రెండు ఆర్చ్‌లు ఒకదాన్నొకటి దాటుకుంటే టి(ఏ)టి(బీ)టి(ఏ)టి(బీ), మొదటి మూడింటిని ఒలిస్తే సీఎఫ్ − సీఏ/2, మిగిలిన టి(బీ)టి(బీ) కి సీఎఫ్, మొత్తం −2/9. గ్లూవాన్ గీత మధ్యలో క్వార్క్ బబుల్ ఉంటే సీఎఫ్ టీఆర్, రకానికి 2/3, గ్లూవాన్ బబుల్ ఉంటే సీఎఫ్ సీఏ, అంటే 4.

మూడు లూపుల్లో ఒకటి పూర్తిగా చేసి చూపిస్తాను, మూడు ఆర్చ్‌లు, ప్రతిదీ మిగతా రెండిటినీ దాటేది: టి(ఏ)టి(బీ)టి(సీ)టి(ఏ)టి(బీ)టి(సీ). పక్కపక్కన ఒకే ఇండెక్స్ ఎక్కడా లేదు, ఒక్క మాట్రిక్స్ మధ్యలో ఉన్న జంట కూడా లేదు, కాబట్టి ఎక్స్ రూల్ వాడదాం, ఎక్స్ = టి(బీ)టి(సీ). అప్పుడు టి(ఏ)టి(బీ)టి(సీ)టి(ఏ) = (1/4)డెల్టా(బీ,సీ) − (1/(2ఎన్)) టి(బీ)టి(సీ). దీని వెనక ఇంకా టి(బీ)టి(సీ) మిగిలి ఉంది, గుణించండి. మొదటి ముక్క సీఎఫ్/4 అవుతుంది. రెండో ముక్క −(1/(2ఎన్)) × టి(బీ)టి(సీ)టి(బీ)టి(సీ), ఇది ఇప్పుడే చేసిన రెండు లూపుల క్రాస్డ్ డయాగ్రమ్, దాని విలువ −సీఎఫ్/(2ఎన్). మొత్తం (సీఎఫ్/4) × (1 + 1/ఎన్²), ఎన్ = 3 కి 10/27. కాసిమిర్లలో, అంటే సీఎఫ్, సీఏ ల్లో, రాస్తే సీఎఫ్ (సీఎఫ్ − సీఏ/2)(సీఎఫ్ − సీఏ), అంకెలు పెట్టి చూడండి, 4/3 × −1/6 × −5/3, అదే 10/27.

ఇప్పటిదాకా చేసినవాటిలో బయట కాళ్లు రెండో మూడో, అందుకే జవాబు ఒక అంకెని టి తోనో డెల్టాతోనో గుణించినట్టు వచ్చింది. బయట రంగున్న కాళ్లు నాలుగు ఉంటే, ఉదాహరణకి రెండు వేర్వేరు క్వార్కులు ఢీకొట్టి రెండు గ్లూవాన్లు మార్చుకునే బాక్స్ డయాగ్రమ్, ఒక అంకె సరిపోదు. అక్కడ రెండు కలర్ టెన్సర్లు ఉంటాయి, ఫియర్జ్ కొట్టి వాటి మీద విడగొట్టాలి. కానీ చాలాసార్లు మనకి కావాల్సింది ట్రీ డయాగ్రమ్‌తో (లూప్ లేనిది) ఇంటర్ఫియరెన్సే, అప్పుడు బాక్స్ పక్కన ట్రీని అద్దంలో బొమ్మలా తిప్పి పెట్టి కాళ్లన్నీ కలిపేయండి, మళ్లీ ఒకే అంకె. ట్రీ వర్గానికి ట్రేస్ టి(ఏ)టి(బీ) × ట్రేస్ టి(ఏ)టి(బీ) = (1/4) × 8 = 2, వచ్చే రెండు క్వార్కుల రంగుల మీద సగటు 9 తో భాగిస్తే 2/9. బాక్స్‌కి, దాటుకున్న బాక్స్‌కి వచ్చేవి రెండు రకాలు: ట్రేస్ టి(ఏ)టి(బీ)టి(సీ) ని అదే వరస ఉన్న ట్రేస్‌తో గుణిస్తే −2/3, తిరగేసిన వరసతో గుణిస్తే 7/3. మొదటిది నేను చేస్తా: రెండు ట్రేస్‌ల రూల్‌తో 1/2 × ( ట్రేస్ టి(బీ)టి(సీ)టి(బీ)టి(సీ) − (1/3) × 2 ), లోపలి ట్రేస్ 3 × −2/9 = −2/3, కాబట్టి 1/2 × (−4/3), అంటే −2/3. రెండోది మీరు చెయ్యండి, ట్రేస్ లోపల వరస చక్రంలా తిప్పుకోవచ్చు అన్నది మర్చిపోకుండా. మీ డయాగ్రమ్‌కి ఏది వర్తిస్తుందో బాణాలు చూసి తేల్చుకోవాలి, క్వార్క్ యాంటీక్వార్క్ అయితే వరస తిరగబడుతుంది.

క్వార్క్ లూప్‌కి మూడు గ్లూవాన్లు తగిలితే ఇంకో చిన్న ట్రిక్. ట్రేస్ టి(ఏ)టి(బీ)టి(సీ) = (1/4) × ( డీ(ఏ,బీ,సీ) + ఐ × ఎఫ్(ఏ,బీ,సీ) ), ఇందులో డీ పూర్తిగా సిమెట్రిక్. క్వార్క్ లూప్‌ని రెండు దిశల్లోనూ తిప్పాలి, రెండు డయాగ్రమ్‌లు. మామూలు వెక్టర్ వెర్టెక్స్‌లే అయితే దిశ మార్చినప్పుడు మొమెంటమ్ భాగానికి మైనస్ వస్తుంది కాబట్టి డీ కొట్టుకుపోతుంది, ఎఫ్ మిగులుతుంది. అందుకే త్రీ-గ్లూవాన్ వెర్టెక్స్ కరెక్షన్‌లో ఎప్పుడూ ఎఫ్ మాత్రమే వస్తుంది. అదే మూడు గ్లూవాన్లతో పాటు ఒక ఫోటాన్ కూడా ఆ లూప్‌కి తగులుతుంటే కథ తిరగబడి డీ బతుకుతుంది, అలాంటి రెండు లూపులు కలిస్తే డీ వర్గం వస్తుంది, దాని విలువ (ఎన్² − 4)(ఎన్² − 1)/ఎన్ = 40/3. ఎఫ్ వర్గమేమో ఎన్(ఎన్² − 1) = 24.

స్టెప్ 4, చెకింగ్. దీన్ని వదిలేస్తే పై కష్టమంతా గాల్లో దీపమే. నేను మూడు చెక్‌లు చేస్తాను. మొదటిది ఎన్ = 2. అక్కడ జనరేటర్లు పౌలీ మాట్రిక్సుల్లో సగాలు, అందరికీ నోటికొచ్చినవే. పౌలీ మాట్రిక్స్‌ని మూడు పౌలీల మధ్య శాండ్‌విచ్ చేసి కూడితే మైనస్ అదే మాట్రిక్స్ వస్తుంది, సగాలు కలిపితే టి(ఏ)టి(బీ)టి(ఏ) = −(1/4)టి(బీ), మన −1/(2ఎన్) సరిపోయింది. మూడు లూపుల జవాబు కూడా చూడండి, సీఎఫ్ = 3/4, కాబట్టి (3/16) × (5/4) = 15/64. కాసిమిర్ రూపంలో (3/4) × (−1/4) × (−5/4), అదీ 15/64. రెండు వేర్వేరు ఎన్ లకి రెండు రూపాలూ కలిశాయంటే ఇక అనుమానం అక్కర్లేదు.

రెండోది క్యూఈడీ చెక్. సీఏ = 0, సీఎఫ్ = 1, టీఆర్ = 1 పెట్టండి. ఫోటాన్లకి వరస పట్టింపు లేదు, కాబట్టి త్రీ-గ్లూవాన్ వెర్టెక్స్ లేని ఏ డయాగ్రమ్‌కైనా జవాబు 1 రావాలి, ఉన్నదానికి 0 రావాలి. పైన సీఎఫ్ (సీఎఫ్ − సీఏ/2)(సీఎఫ్ − సీఏ) కి పెట్టి చూడండి, 1. ఈ చెక్ ఎన్ రూపంలో చెయ్యలేం, కాసిమిర్ రూపంలోనే కుదురుతుంది, ఆ రూపం దాచుకోవడానికి ఇంకో కారణం.

మూడోది పెద్ద ఎన్. 1974లో ట్ హూఫ్ట్ అనే భౌతిక శాస్త్రవేత్త చూపించిన పద్ధతి, ప్రతి గ్లూవాన్‌నీ రెండు గీతలుగా గీసి మూసుకున్న ఒక్కో గీతకీ ఒక ఎన్ ఇవ్వడం. గీతలు దాటుకోకుండా కాగితం మీద గీయగలిగిన డయాగ్రమ్‌లే పెద్దవి, దాటుకునేవి 1/ఎన్² చొప్పున చిన్నబోతాయి. ఆర్చ్ కింద ఆర్చ్‌కి ఎన్²/4, దాటుకున్న ఆర్చ్‌లకి −1/4, సరిగ్గా 1/ఎన్² తేడా. మూడు ఆర్చ్‌లూ దాటుకున్నదానికి, ఒకదాని కింద ఒకటి ఉన్న మూడు ఆర్చ్‌ల ఎన్³/8 తో పోలిస్తే, ఎన్/8, ఇక్కడా 1/ఎన్² ఏ. మొదటిసారి నేను 1/ఎన్⁴ రావాలి కదా అని తల గోక్కున్నా, కానీ ఆ మూడు ఆర్చ్‌లనీ ఒకే ఒక్క రంధ్రమున్న టోరస్ మీద దాటుకోకుండా గీయొచ్చు, కాగితం కన్నా ఒక్క మెట్టే ఎక్కువ. చేత్తో గీసి చూసుకుంటే గానీ నమ్మకం కుదరదు.

కంప్యూటర్ ఉంటే నాలుగో చెక్ ఇంకా తేలిక. ఎనిమిది గెల్‌మన్ మాట్రిక్సులు టైప్ చేసి, రెండుతో భాగించి, ఇండెక్సుల మీద లూప్ తిప్పండి. మూడు ఆర్చ్‌ల ఉదాహరణకి 8 × 8 × 8, మొత్తం 512 టర్ములు, కన్ను మూసి తెరిచేలోపు 0.370370 అని ఐడెంటిటీ మాట్రిక్స్ ముందు కనిపిస్తుంది. అంకె కలవకపోతే ఎఫ్ వరస దగ్గర మొదలుపెట్టి వెతకండి. సింబాలిక్‌గా కావాలంటే ఫార్మ్ అనే ప్రోగ్రామ్‌లో కలర్ ప్యాకేజీ ఉంది, మ్యాథమాటికా వాళ్లకి ఫెయిన్‌క్యాల్క్ ఉంది, కానీ చేత్తో పదైనా చెయ్యకుండా వాటి మీద పడితే తప్పు ఇన్‌పుట్ ఇచ్చి తప్పు జవాబుని దణ్ణం పెట్టి తీసుకుంటారు.

చివరగా ఈ ఒలిచే పద్ధతి ఎక్కడ ఆగిపోతుందో కూడా తెలుసుకోండి. ఫియర్జ్ వాడకుండా కాసిమిర్ రూల్స్‌తోనే పొర ఒలవాలంటే మామూలుగా డయాగ్రమ్‌లో ఎక్కడో ఒకచోట బబులో ట్రయాంగిలో ఉండాలి. అన్నీ నాలుగు భుజాలో అంతకన్నా ఎక్కువో ఉన్న లూపులే అయితే సీఎఫ్, సీఏ, టీఆర్ ల్లో జవాబు తేలకపోవచ్చు, నాలుగు జనరేటర్ల సిమెట్రిక్ ట్రేస్ అనే కొత్త వస్తువు వస్తుంది, క్వార్టిక్ కాసిమిర్ అంటారు. బీటా ఫంక్షన్‌లో ఇది మొదటిసారి కనబడింది నాలుగు లూపుల దగ్గర, 1997లో. ఎస్‌యూ(ఎన్), అంటే మన ఎన్ రంగుల గ్రూప్, వరకే చాలనుకుంటే ఫియర్జ్ అప్పుడూ పనిచేస్తుంది, ఎన్ లో జవాబు ఇచ్చి తీరుతుంది, దాన్ని సీఎఫ్, సీఏ, టీఆర్ ల్లోకి తిరగరాయడమే కుదరకపోవచ్చు. కాబట్టి నాలుగు లూపుల డయాగ్రమ్ పట్టుకుని, ఎన్ రూపంలో వచ్చిన జవాబుని సీఎఫ్, సీఏ ల్లోకి మార్చలేక తంటాలు పడుతుంటే ముందు ఆ గూడులో అతి చిన్న లూప్‌కి ఎన్ని భుజాలున్నాయో లెక్కపెట్టండి.